ఇద్దరికీ ఇచ్చిన సీటు

నా చిన్నప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కి కూర్చోవాలంటే ముందు కూలీని పట్టుకోవాల్సిందే. బండి ఆగకముందే వాడు లోపలికి దూకి, మన తువ్వాలు ఒక సీటు మీద పరిచేవాడు. తువ్వాలు పడిందంటే ఆ సీటు మనదే. ఎవరు రాసిన చట్టమో గాని, ఊరంతా దాన్ని పాటించేది.

ఆ రోజు అమ్మను వరంగల్‌లో అమ్మమ్మ దగ్గర దించడానికి నాన్న, తాతయ్య, నేను బయలుదేరాం. కడుపు ఆపరేషన్ అయి ఇంకా కుట్లు ఆరలేదు. కూర్చోబెట్టి తీసుకెళ్లండి, నిలబెడితే కుట్లు తెగుతాయని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకే నాన్న ముందే కూలీతో మాట్లాడుకున్నాడు. తీరా మేం ఎక్కేసరికి మా తువ్వాలు మీద ఒక ముసలామె, కట్టు కట్టిన కాలు సీటంతా చాపుకొని కూర్చుని ఉంది. పక్కన ఆమె కొడుకు. బన్సీలాల్‌పేట్ వాళ్లట. తమను అక్కడ కూర్చోబెట్టింది కూడా కూలీయేనన్నాడు.

మా నాన్నకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "లేవయ్యా, తువ్వాలు కనవడ్తలేదా?" అన్నాడు.

"తువ్వాలు మీదైతే తీస్కపోండ్రి. సీటు మాది" అంటూ అతను లేచి నిలబడ్డాడు.

మాటా మాటా పెరిగింది. అంతదాకా మేం చిలకలగూడ వాళ్లం, వాళ్లు బన్సీలాల్‌పేట్ వాళ్లు, అంతే. వెనక నుంచి ఎవరో "గీళ్లెప్పుడూ గింతే" అన్నారు. ఆ ఒక్క మాటతో మేం హిందువులమైపోయాం, వాళ్లు ముసల్మానులైపోయారు. ముక్కూమొహం తెలియనివాళ్లు మా వెనక కొందరు, వాళ్ల వెనక కొందరు వచ్చి నిలబడ్డారు. నాన్న కాలర్ అతని చేతిలో ఉంది. నాన్న చెయ్యి పైకి లేచింది. కిటికీ ఊచ పట్టుకున్న అమ్మ ముఖం పాలిపోయింది. ఆమెను ఎవరూ చూడటం లేదు.

"ఈ సీటు మీకు ఎవడిచ్చిండు?"

ఆ కేక మా తాతయ్యది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు దొరల పటాలంలో సిపాయిగా పనిచేసిన మనిషి, అరిస్తే స్టేషనంతా వినపడాల్సిందే. ఇద్దరూ ఒకేసారి ప్లాట్‌ఫారం వైపు చెయ్యి చూపారు. ఒకే మనిషి. ఎర్రచొక్కా వేసుకుని, ఇంకెవరి సామానో నెత్తికెత్తుకుంటున్నాడు. నాన్న కిందికి దూకబోయాడు. అంతలో బండి కదిలింది.

"ఆడు పోయిండు. మనం ఈడనే ఉన్నం" అని తాతయ్య నేల మీద చతికిలబడ్డాడు. నాన్నను చొక్కా పట్టి కిందికి లాగాడు. తర్వాత ముసలామె కొడుకు వైపు తిరిగి, "నువ్వు సుత కూసో కొడుకా" అన్నాడు. కూర్చున్నవాడితో కొట్లాడటం ఎంతటి వీరుడికైనా కష్టమే. అతనూ కూర్చున్నాడు. అడ్డు తొలిగాక గాని ముసలామెకు అమ్మ కనిపించలేదు. మూలుగుతూ కాలు కిందికి దించి, "రా బిడ్డా, జెర ఇటు కూసో" అని చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

భువనగిరి దాటాక తాతయ్య నాకు పాలస్తీనా గురించి చెప్పాడు. యుద్ధంలో ఆయనను అక్కడికే పంపారట. దేశదేశాల్లో తన్నులు తిన్న యూదులు, అది తమ పూర్వీకుల గడ్డ అంటూ వచ్చారు. తాతముత్తాతల నుంచి అక్కడే ఆలివ్ తోటలు చూసుకుంటున్న అరబ్బులు, ఇది మా ఇల్లు అన్నారు. మాదొక జాతి, మాకొక దేశం, మాకొక జెండా అని ఎవరికి వారు పట్టుబట్టారు. ఇంగ్లీషు దొర తనది కాని గడ్డను ఇద్దరికీ ఆశపెట్టి, కొట్లాట ముదిరాక ఓడెక్కి పోయాడు. తప్పంతా దొరదేనని మాత్రం తాతయ్య అనలేదు.

"మరి ఆడ కింద ఎవరు కూసున్నరు తాతా?" అని అడిగాను.

"మాకు తుపాకులిచ్చి నడుమ నిలబెట్టిండ్రు బిడ్డా. కూసోమని చెప్పనీకి ఎవ్వలం పోలే" అన్నాడు.

వరంగల్ దాకా నాన్నా అతనూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. అమ్మ కుట్లు మాత్రం నిలిచాయి.

ఇప్పుడు టీవీలో ఆ గడ్డ మీద పొగ లేస్తుంటే, తప్పు ఎవరిదని మనవడు అడుగుతాడు. తెలిసింది చెబుతాను, తెలియనిది తెలియదంటాను. కానీ కొట్లాట ఎక్కడ కనిపించినా, అటువైపైనా ఇటువైపైనా, నా కళ్లు అరిచేవాళ్ల మీద నిలవవు. వాళ్ల మధ్య ఆనాటి అమ్మలా నిలబడలేక నిలబడ్డ మనిషి ఎవరా అని వెతుకుతాయి.