అద్దాల కోట గుమ్మంలో మిగిలిన నీడ

నా చిన్నప్పుడు మా ఊరి తునికాకు కల్లం నుంచి పినపాకలో వేసిన గుడారం సినిమాకు దూరం తొమ్మిది కిలోమీటర్లు. అందులో ఆరు అడవి బాట. మా నాన్న సైకిలు తొక్కితే గంటా పది నిమిషాలు పట్టేది. మొదటి ఆట ఆరున్నరకు. వెనక క్యారేజీ మీద అమ్మ కూర్చుంటే ముందు కడ్డీ మీద ఒక్కరికే చోటు. పిల్లలం ఇద్దరం: తొమ్మిదేళ్ల నేను, ఏడేళ్ల మా చెల్లెలు. ఆ వేసవిలో నాకు జరిగినదంతా ఆ ఒక్క కడ్డీ దగ్గర మొదలైంది.

ఇప్పుడు ఈ సంగతి రాయడానికి కారణం ఉంది. ఆనాటి పిల్లల సినిమాకు ఇన్ని దశాబ్దాల తరువాత రెండో భాగం వచ్చింది. పోస్టరు మీద నల్లటి కోట, పగిలిన అద్దాలు, మొహం కనిపించని ఒక ఆకారం. ‘పిల్లలు ఒంటరిగా చూడరాదు’ అని కింద ఒక హెచ్చరిక. మొదటి భాగం పాటలు పాడుతూ పెరిగినవాళ్లు ఈ చీకటిని చూసి నొచ్చుకున్నారట. మా మనవరాలు నన్ను ఖమ్మం తీసుకెళ్లి చూపించింది. హాలంతా భయపడుతుంటే నేను మాత్రం అసూయపడుతూ కూర్చున్నాను. ఎందుకంటే ఆ రెండో భాగం నేను తొమ్మిదేళ్ల వయసులోనే విన్నాను. అప్పుడది నా ఒక్కడిదే.

మా నాన్న కల్లేదారు. అంటే బీడీలు చుట్టడానికి ఊరివాళ్లు అడవిలో కోసి, కట్టలు కట్టి తెచ్చిన తునికాకును అప్పజెప్పించుకుని ఎండబెట్టించే మనిషి. కల్లం అంటే చదును చేసిన ఖాళీ జాగా. కట్టలను అక్కడ వరసలుగా పరిచి, ఒకవైపు ఎండగానే రెండోవైపుకు తిప్పాలి. తిప్పకపోతే కిందివైపు నల్లబడి ఆకు పనికిరాదు. పశువులు వచ్చి తొక్కకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. వాళ్లు సినిమాకు బయలుదేరిన సాయంత్రం ఆ ఎవరో ఒకరు నేనయ్యాను. తోడుగా పక్కింటి అక్క ఉంది. ఇరవై ఏళ్ల మనిషి. పొద్దున ఆకు కోసి, సాయంత్రం కల్లంలో కట్టలు తిప్పేది.

చెల్లెలిని తీసుకెళ్లడానికి అమ్మ చెప్పిన కారణం న్యాయమైనదే. పన్నెండు రోజుల తరువాత మా మేనత్త వచ్చి చెల్లెలిని సత్తుపల్లి తీసుకెళ్తుంది. ఇక అక్కడే ఉండి చదువుకుంటుంది. వెళ్లిపోయే పిల్ల కనుక ఒక సినిమా. ఆ సమాధానం నా కడుపుమంటను తగ్గించకపోగా రెట్టింపు చేసింది. సత్తుపల్లిలో గుడారం కాదు, గోడలున్న సినిమా హాలే ఉందని నాకు తెలుసు. కొత్త పెట్టె ఆమెకు, కొత్త గౌన్లు ఆమెకు, ఊరు ఆమెకు, ఉన్న ఒక్క సినిమా కూడా ఆమెకే. మర్నాడే ఆ గుడారం విప్పుకుని సినిమావాళ్లు వెళ్లిపోయారు. ఇక నేను ఆ బొమ్మ చూసే మార్గం లేదు.

మర్నాడు సాయంత్రం నుంచి మా చెల్లెలు కల్లంలో రాణి అయింది. ఆకు అప్పజెప్పడానికి వచ్చిన ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు ఆమె చుట్టూ చేరేవారు. కథ ఇది: ఒక మాంత్రికుడు ఒక పిల్లవాణ్ణి అద్దాల కోటలో బంధిస్తాడు. వాడి అక్క వెతుక్కుంటూ వెళ్తుంది. ఏదో ఒకటి వదలనిదే గుమ్మం దాటనివ్వనని కోట కాపలావాడు అంటాడు. ఆ పిల్ల తన నీడను అక్కడ వదిలి లోపలికి పోతుంది. తమ్ముణ్ణి విడిపించి ఇల్లు చేరుతుంది. ఊరంతా పండుగ. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నాకు ఎక్కడో ఒక తప్పు పట్టాలని ఉంది. “మరి నీడ ఏమైంది?” అని అడిగాను.

“ఏమైతది? సినిమా అయిపోయింది” అంది చెల్లెలు.

“నీడ లేకుంటనే ఇంటికొచ్చిందా?”

“సూడనోనికి అన్నీ అనుమానాలే” అన్నాడు ఒక పిల్లవాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. ఆ రోజు నుంచి నేను మా చెల్లెలితో మాట్లాడటం మానేశాను. ఆమె పిలిస్తే పలకలేదు. అన్నం దగ్గర ఎదురుగా కూర్చోలేదు. ఉన్న రోజులే తక్కువ, వాటిని నేను మౌనంతో నింపాను.

పక్కింటి అక్క ఇదంతా కట్టలు తిప్పుతూనే గమనించింది. రెండు రోజులు పోయాక నన్ను తన వరసలోకి పిలిచి, ఒక కట్టను బోర్లించి చూపించింది.

“తమ్మీ, మీ చెల్లె చెప్పింది ఒక పక్కే ఎండింది. దానికి రెండో భాగం ఉన్నది. నేను మణుగూరుల చూసిన.”

“అబద్ధం” అన్నాను.

“అయితే చెప్పను పో. అడిగేదాంక నోరు తెరిస్తే ఒట్టు.”

అరగంట ఓపిక పట్టి అడిగాను. ఆమె చెప్పసాగింది. రోజుకు ఒక వరస కట్టలు తిప్పేంత కథ, అంతకు మించి చెప్పదు.

ఆ రెండో భాగంలో పాటల్లేవు, పండుగల్లేవు. గుమ్మంలో మిగిలిన నీడ తన పిల్ల తిరిగి వస్తుందని ఎదురుచూస్తుంది. ఆమె కోట నుంచి వేరే దారిన బయటపడి ఎప్పుడో వెళ్లిపోయింది. కాపలావాడు కూడా వెళ్లిపోతాడు. మధ్యాహ్నం కుంచించుకుపోయి, పొద్దువాలితే సాగుతూ, నీడ ఒంటరిగా పెరుగుతుంది. దారిన పోయేవాళ్లు ఆ పిల్ల ఇంట్లో జరిగే విందుల గురించి చెప్పుకుంటుంటే వింటుంది. విని విని ఒకనాడు లేచి నడక మొదలుపెడుతుంది. దాని అంచు తగిలిన చోట ఇప్పపువ్వు నల్లగా రాలుతుంది. గూటిలోని గుడ్లు చల్లబడతాయి. దీపాలు వాటంతటవే ఆరిపోతాయి. అది ఎవరినీ ఏమీ అనదు. తనకు రావలసిన చోటుకు తాను పోతున్నానని మాత్రం అనుకుంటుంది.

నేను ఆ నీడ పక్షమే. అది నడిచిన ప్రతి అడుగు నాకు తృప్తినిచ్చింది. అన్నిటికన్నా పెద్ద తృప్తి వేరే ఉంది: ఈ కథ మా చెల్లెలికి తెలియదు. అన్నం దగ్గర నేను ఊరికే నవ్వుకునేవాణ్ణి. ఆమె రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు అమ్మతో “అన్నకేందో తెల్సమ్మా, నాకు చెప్తలేడు” అని ఏడ్చింది. నా అసూయ గడప దాటి ఆమె మీదకు చేరింది. బరువు దిగినట్టు అనిపించింది.

వాళ్లు సినిమా చూసొచ్చిన పదకొండో రోజు సాయంత్రం నీడ ఆ పిల్ల ఇంటి ముందుకు వచ్చింది. లోపల దీపం వెలుగుతోంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. అక్క చేతిలోని కట్టను కింద పెట్టేసింది.

“తర్వాత?”

“నాకు తెల్వదు.”

“సూసినవు గద?”

“నేను చూసింది నీడ దిక్కు నుంచి. తలుపు బయటి సంగతే నాకెరుక. లోపలున్న పిల్ల ఏం చేస్తదో లోపలిదాన్నే అడగాలె. ఆ పిల్లను చూసొచ్చింది మీ చెల్లె. రేపు పొద్దుగాల బస్సెక్కుతది. ఇంక నీ ఇష్టం.”

నాకు చాలా కోపం వచ్చింది. ఇన్నిరోజుల కథకు తాళం వేసి, తాళంచెవి నేను మాట్లాడని మనిషి చేతిలో పెట్టింది. ఇంటికి వెళ్లేసరికి చెల్లెలు కొత్త పెట్టెలో గౌన్లు సర్దుతోంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. లోపలికి పోవడానికి చాలాసేపు పట్టింది. చివరికి రెండో భాగమంతా చెప్పి, లోపలి పిల్ల ఏం చేస్తుందని అడిగాను.

చెల్లెలు గౌను మడతలు సరిచేసింది. “నేను చూడలే అన్నా” అంది. “ఆ పిల్ల కోట కాడికి పొయ్యేసరికే నేను నిద్రపోయిన. వచ్చేటప్పుడు సైకిల్ మీద నాయినే చెప్పిండు మిగతాది.”

నీడ ఎందుకు మిగిలిపోయిందో అప్పుడు అర్థమైంది. తునికాకు లెక్కలో ఒక్క కట్ట కూడా మరిచిపోని మా నాన్న, కథలో నీడను మరిచిపోయాడు. నేను ఇన్నాళ్లూ కుళ్లుకున్న సినిమాను మా చెల్లెలు సగమే చూసింది. కానీ నా అసూయ చల్లారలేదు, చోటు మారింది. చీకటి అడవి బాటలో, కడ్డీ మీద కూర్చుని, తల వెనక నుంచి నాన్న గొంతు వింటూ తొమ్మిది కిలోమీటర్లు. మా నాన్న నాకు ఏనాడూ ఒక్క కథా చెప్పలేదు. సినిమా పోతే పోయింది. ఆ సైకిలు ప్రయాణాన్ని మాత్రం నేను ఈ రోజుకూ మరువలేదు.

“మరి తలుపు తీస్తదా?” అని అడిగాను.

“తీస్తది. ఇంతసేపేంది, అన్నం చల్లారింది అంటది” అంది ఆమె, అదేమంత ప్రశ్న అన్నట్టు.

“నీడ లోపలికి రాదు.”

“ఎందుకు రాదు?”

“దానికి కోపం.”

“ఆకలైతే వస్తది.”

ఆ వాదన రాత్రి అన్నం దగ్గర సాగింది, పొద్దున బస్సు దగ్గరా సాగింది. బస్సు కదిలాక కిటికీలోంచి “వస్తది” అని అరిచింది. నేను “రాదు” అన్నాను. పక్కింటి అక్క ఆకు మోపుతో అటే పోతూ మా వైపు చూసి నవ్వింది. మణుగూరులో ఆమె ఏ సినిమా చూడలేదని, అసలు ఆ రోజుల్లో రెండో భాగమే లేదని చాలా ఏళ్ల తరువాత గాని నాకు తెలియలేదు. అప్పటికి ఆమె లేదు.

నేను చదువుకుని బొగ్గు గనిలో సర్వేయరునయ్యాను. ఏ గోడకైనా రెండు వైపుల నుంచీ కొలత తీయనిదే సంతకం పెట్టేవాణ్ణి కాదు. ఆ అలవాటు శిక్షణలో వచ్చిందని తోటివాళ్లు అనుకునేవారు.

ఖమ్మం హాలులో నీడ ఇంటి గుమ్మం ముందుకు రాగానే నేను కుర్చీ అంచుకు జరిగాను. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, మా కల్లంలో పుట్టిన ఆ చీకటిని తనంతట తానే ఊహించి తీశాడు. నాకు అతని మీద పట్టరాని ఈర్ష్య కలిగింది. తలుపు తెరుచుకుంది. లోపలి పిల్ల పెద్దదై, చేతిలో కత్తితో బయటికి వచ్చి నీడను నరికింది. హాలంతా ఈలలు. నా ఈర్ష్య అక్కడితో పోయింది.

బయటికి వచ్చి సత్తుపల్లికి ఫోను చేశాను. చెల్లెలు మొత్తం విని, “నరికిండ్రా? అన్నం పెడితే పోయేది” అంది.

“లోపలికి రాదు” అన్నాను.

“వస్తది” అంది.

ఆ వేసవిలో నాకు పోయినవి: చూడని సినిమా ఒకటి, చెల్లెలితో మాట్లాడని రోజులు పది, తొమ్మిది కిలోమీటర్ల పొడవున నాన్న గొంతు. మిగిలింది, ముగింపు కుదరని కథలో సగం వాటా.