టైము చూపించని వాచీ

అసిరయ్యని ఒక మాట నమ్మించడం కన్నా అతని క్రేను కింద నిలబడడం తేలిక. రెండూ చేసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. ఉత్తరాదిన గమ్హరియాలో ఇనుప పలకలు కోసే ఓ షెడ్డులో అతను పైన క్రేను క్యాబిన్‌లో కూర్చునేవాడు. నేను కింద నిలబడి, ఎటు జరపాలో ఎక్కడ దించాలో చేతి సైగలతో చూపించేవాణ్ని. నా పేరు ఆదిబాబు. నన్ను బావా అంటాడు గానీ మా మధ్య చుట్టరికం లేదు. అతనిది పలాస వైపు, మాది చీపురుపల్లి. బారిడీహ్‌లో ఒకే వీధిలో కాపురాలు పెట్టాక ఆ పిలుపు దానంతటదే వచ్చింది.

అతని అనుమానం పుట్టుకతో వచ్చిందని నేను అనుకోను. ఆ సీటు నేర్పింది. కొక్కెం సరిగా పట్టిందా లేదా, గొలుసు మెలిక పడిందా, కింద ఎవడైనా అడ్డంగా నడుస్తున్నాడా అని క్షణక్షణం అనుమానించేవాడే క్రేను నడపాలి. కాకపోతే అందరం షెడ్డులోనే వదిలి వచ్చే సరుకుని అతను ఇంటికి మోసుకొచ్చేవాడు. పాలు పలచగా ఉంటే నీళ్లు కలిపాడంటాడు. చిక్కగా ఉంటే ఏం కలిపాడంటాడు. "బాగున్నావా?" అని నేను పలకరిస్తే, "ఏం, ఎవులేటన్నారు?" అని ఎదురు అడుగుతాడు. ఇలాంటివాడితో అతని భార్య పైడితల్లి ఇన్నేళ్లు కాపురం చేసిందంటే ఆమె ఓర్పుకి దణ్ణం పెట్టాలి.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున అతనికి పక్షవాతం వచ్చింది. గెడ్డం గీసుకుంటూ ఉండగా కుడిచేతిలోని రేజరు జారింది, మూతి పక్కకి పోయింది. ఆస్పత్రిలో చాలా రోజులు మాట లేదు. మెల్లగా మాట వచ్చింది, కాలు వచ్చింది. కుడిచెయ్యి మాత్రం బద్ధకం వదల్లేదు. క్రేనులో బరువుని ఎత్తి దించే లివరు కుడిచేతి వైపే ఉంటుంది.

కాంట్రాక్టరు చూడ్డానికి వచ్చి, "హాత్ ఠీక్ కర్‌కే ఆ జావో, సీట్ తుమ్హారా" అని వెళ్లాడు. చెయ్యి బాగుచేసుకుని రా, సీటు నీదే అని. అసిరయ్యకి ఆ మాటే ప్రాణమైపోయింది. "కింద నిలబడి బతకడం నా వల్ల కాదు బావా. నాను మళ్లీ పైకెక్కాల" అనేవాడు. అంటున్నప్పుడు నా మొహం కేసి చూసేవాడు కాదు. ఎక్కలేవని నేను అంటానేమోనని భయం.

చేతికి కసరత్తులు చేయించే విభాగంలో సాహిత్య అనే ఫిజియోథెరపీ ఆవిడ ఉంది. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్ల మీద ఏదో పరిశోధన చేస్తోంది. సంగతి చిన్నదే. ఆస్పత్రిలో పరీక్ష పెట్టినప్పుడు రోగి చెయ్యి ఎంత పని చేస్తోంది, ఇంటికెళ్లాక ఆ చేతిని నిజంగా ఎంత వాడుతున్నాడు, ఈ రెండింటికీ తేడా ఎందుకొస్తోంది అన్నది ఆవిడ తెలుసుకోవాలి. అసిరయ్యని కూడా చేరమంది.

ఇక చూడండి. ఊరంతా హిందీ మాట్లాడుతుంటే ఈవిడ తెలుగెందుకు మాట్లాడుతోంది? లోపలి కబుర్లు లాగడానికే అన్నాడు. ఆవిడ పుట్టింది ఇక్కడే, వాళ్ల నాన్న పెద్ద ఇంజనీరు అని తెలిసింది. "ఇంజనీరు కూతురు బావా. ఆయన ఎవులితో టీ తాగుతాడో మనకి తెలుసా?" అన్నాడు. పరీక్షలో చెక్కముక్కలు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి వేయించి వీడియో తీశారు. ముఖం రాదు, చెయ్యి మాత్రమే తీస్తాం అన్నారు. "ముఖం అక్కర్లేదంట. సెయ్యే కావాలంట. కాంట్రాక్టరుకి కావాల్సిందీ సెయ్యే గదా" అని బయటికొచ్చాక నా చెవిలో ఊదాడు. నేను నవ్వాను. కానీ అదే వారం కాంట్రాక్టరు జీపు ఆస్పత్రి గేటు దగ్గర ఆగి ఉండడం నా కళ్లతో నేను చూశాను. ఆయన తల్లికి బాగాలేదని వాచ్‌మన్ చెప్పాడు. అయినా నా నవ్వు కొంచెం తగ్గిన మాట నిజం.

ఆ తర్వాత వాచీ వచ్చింది. నల్లటి రబ్బరు పట్టీ, మధ్యలో చిన్న బిళ్ల. కుడి మణికట్టుకి కట్టుకుని వారం రోజులు తియ్యకుండా ఉంచుకోవాలి, ఇంట్లో చెయ్యి కదిలిన ప్రతిసారీ అది గుర్తుపెట్టుకుంటుంది అని సాహిత్య చెప్పింది. దారిలో ఆటోలో కూర్చుని అసిరయ్య దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"వాచీ అన్నారు. టైము సూపించదేటి బావా?"

"దాని పని అది కాదట."

"నాకు సూపించట్లేదంటే ఇంకెవులికో సూపిత్తందన్నమాట."

కొడుకు మోహిత్ సాక్చీలో మొబైళ్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. వాడు బిళ్లని చూసి, "పాపా, ఇస్‌మే సిమ్ భీ నహీ హై" అన్నాడు. ఇందులో సిమ్ కూడా లేదు, ఎవరికీ ఏదీ పంపదు అని వాడి ఉద్దేశం. "సిమ్ము లేకపోతే మరెలాగ సెప్తాదిరా?" అని తండ్రి వాడినే అనుమానంగా చూశాడు.

అసలు భయం ఎక్కడుందో నాకు తెలుసు. పరీక్ష రోజున పళ్లు బిగించి చెక్కముక్కలన్నీ ఎత్తేవాడు. ఇంటికొచ్చాక కుడిచేతిని ఒళ్లో పడేసి, అన్నం దగ్గర్నించి చొక్కా గుండీల దాకా ఎడంచేత్తో కానిచ్చేవాడు. వాచీ కట్టుకుంటే ఆ సంగతి బయటపడుతుంది. కాంట్రాక్టరు చెవిన పడితే సీటు పోతుంది. ఇదీ అతని లెక్క.

ఇక్కడ మా షెడ్డు ఆచారం ఒకటి చెప్పాలి. ఏడాదికోసారి మెడికల్ ఉండేది. అందులో నిలబడితేనే గేటు పాసు. కళ్లు సరిగా కనపడనివాడు గోడమీది అక్షరాలు ముందే బట్టీ పట్టి వెళ్లేవాడు. బీపీ ఉన్నవాడు వరుసలో అందరి వెనకా నిలబడి గుండె దడ తగ్గేదాకా కళ్లు మూసుకునేవాడు. షుగరు ఉన్నవాడి సీసాలోకి లేనివాడు పోసి ఇచ్చేవాడు. దీన్ని ఎవరూ మోసం అనుకోలేదు. తోటివాడి సీసా నింపడం బీడీ ఇచ్చినంత మామూలు. డాక్టరంటే మాకు వైద్యం చేసేవాడు కాదు, గేటు దగ్గర ఆపేవాడు.

కాబట్టి అసిరయ్యకి ఆలోచన రావడానికి ఎంతోసేపు పట్టలేదు. పైడితల్లి పొద్దున్నే వీధి చివర బండి మీద ఇడ్లీలు, పునుగులు అమ్ముతుంది. ఆ చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండగా మేం చూడలేదు. మధ్యాహ్నం బియ్యం ఏరుతుంది, సాయంత్రం టీవీ ముందు వెల్లుల్లి ఒలుస్తుంది. అలాంటి చేతికి వాచీ కడితే వాళ్ల మిషనుకి దిమ్మతిరిగిపోతుంది అన్నాడు.

పైడితల్లి ఒప్పుకోలేదు. "నాకొద్దు. నీ వాచీ నువ్వే కట్టుకో" అని చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏం? నీకేటి నష్టం?"

"వద్దంటే వద్దు."

అంత గట్టిగా ఆమె ఎప్పుడూ చెప్పలేదట. దాంతో అతనికి ఆమె మీద కూడా అనుమానం వచ్చింది. ఆ డాక్టరమ్మ దీనికి ఏదో చెప్పింది, ఇద్దరూ ఒకటయ్యారు అని నా దగ్గర వాపోయాడు. రెండు పూటలు అన్నం మానేశాడు. మూడో పూట ఆమె విసురుగా వచ్చి చెయ్యి చాచి, "కట్టు" అంది.

వారం అయ్యాక వాచీ ఇచ్చేశాం. కొన్నాళ్లకి సాహిత్య రమ్మని ఫోను చేసింది. అసిరయ్య కొత్త చొక్కా వేసుకున్నాడు. తోడు నేను వెళ్లాను.

ఆవిడ కంప్యూటరు మా వైపు తిప్పింది. గీతలు ఎగుడుదిగుడుగా పోతున్నాయి. "అసిరయ్యగారూ, ఈ వాచీ వారమంతా మీరే కట్టుకున్నారా?"

"నానే."

"మధ్యలో ఎవరికైనా ఇచ్చారా?"

"ఎవులికిత్తానమ్మా? నా సేతికే ఉంది."

ఆవిడ ఒక గీత మీద వేలు పెట్టింది. "పగలు చెయ్యి చాలా బాగా కదిలింది. మీరు పరీక్షలో చేసినదానికన్నా బాగా. కానీ సాయంత్రాలు ఇక్కడ చూడండి. చెయ్యి ఊరికే ఉన్నప్పుడల్లా సన్నగా, ఒకే తీరుగా వణుకుతోంది. పక్షవాతం వచ్చిన చెయ్యి సాధారణంగా ఇలా వణకదు. మీకు ఈ వణుకు లేదు, నేను పరీక్ష చేశాను కదా."

"అయితే వాచీ పాడయ్యుంటాది."

"అయ్యుండొచ్చు. అదే నిజమైతే ఈ వారం లెక్క పక్కన పెట్టేస్తాం, మీకేం ఇబ్బంది లేదు. కానీ ఈ వణుకు నిజంగా ఎవరికైనా ఉంటే, అది వేరే జబ్బుకి మొదలు కావచ్చు. పార్కిన్సన్స్ అంటారు. మెల్లగా ఒళ్లంతా బిగుసుకుపోతుంది. త్వరగా చూపిస్తే మందులతో చాలాకాలం పని చేసుకోవచ్చు." ఆవిడ మాట నిదానంగా ఉంది. ఎవరినీ తిట్టలేదు.

ఆటో ఎక్కగానే అసిరయ్య మోకాలి మీద కొట్టుకున్నాడు. "సూసినావా బావా, ఎలాగ ఎర ఏసిందో? బయపెడితే ఒప్పేసుకుంటాననుకుంది. మనం ఎంతమందిని సూళ్లేదు?"

నేనూ అవుననే అన్నాను. షెడ్డులో మమ్మల్ని పట్టుకోవాలనుకున్నప్పుడు ముందు ఇలాగే మెత్తగా మాట్లాడేవారు. కానీ అనుమానం అనేది అతని దగ్గర ఒక్కచోట ఆగి ఉండదు. డాక్టరమ్మ మీదనుంచి లేచి అది ఇంటి వైపు నడిచింది.

ఆ సాయంత్రం ఏం జరిగిందో మర్నాడు అతనే చెప్పాడు. పైడితల్లి టీవీ ముందు కూర్చునే లోపలే వెల్లుల్లిపాయలు అటకమీద పెట్టేశాడు. బియ్యం చేట పక్కింటికి ఇచ్చేశాడు. ఉతికిన బట్టలు తనే ఒంటిచేత్తో ఎలాగో మడతపెట్టాడు. ఆమె వచ్చి కూర్చుంది, చుట్టూ చూసింది, చేతికి ఏమీ దొరకలేదు. కొంగు అంచు పట్టుకుని మెలిపెట్టడం మొదలెట్టింది.

"కొంగొదిలీ" అన్నాడు.

వదిలింది. వదిలి, ఆ చేతిని తొడకింద పెట్టుకుని దానిమీద కూర్చుంది. టీవీ వైపే చూస్తోంది. అసిరయ్యకి ఆ చెయ్యి చూపించమని అడిగే ధైర్యం లేకపోయింది.

పొద్దున్నే మా గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఇన్నేళ్లలో అతన్ని అలా చూడలేదు.

"ఆటో పిలు బావా. ఆస్పత్రికెళ్లాల. నువ్వూ రా."

సంగతి విన్నాక కూడా నాలోని షెడ్డు బుద్ధి ఊరుకోలేదు. "ఆమెని వేరే డాక్టరు దగ్గర చూపిద్దాం. వాచీ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. నీ సీటు..."

"ఇంకో డాక్టరికి ఏటి సూపిత్తావు? ఆ గీతలు ఈవిడ కాడే ఉన్నాయి. కత్తి కాంట్రాక్టరు సేతికిత్తన్నాను, నాకు తెలుసు. ఆటో పిలు."

పైడితల్లి ఇడ్లీ బండి కట్టేసి వచ్చింది. ఎందుకు, ఎక్కడికి అని అడగలేదు. దారి పొడుగునా ఒక ఖాళీ సంచీ మడుస్తూ, విప్పుతూ కూర్చుంది.

సాహిత్య గదిలో అసిరయ్య కుర్చీలో కూర్చోలేదు. ఎడంచేత్తో కుడిచేతిని ఎత్తి, దాచకుండా, ఆవిడ బల్లమీద పెట్టాడు.

"అమ్మా, ఆ వాచీ కట్టిన సెయ్యి నాది గాదు. నాది ఇది. ఇంటికాడ దీంతో గలాసుడు నీలు కూడా తాగను. కాంట్రాక్టరుకి ఏటి సెప్పుకుంటారో సెప్పుకోండి. ముందు దీన్ని సూడండి." భార్యని ముందుకి జరిపాడు.

"ఏ కాంట్రాక్టరు?" అంది సాహిత్య. ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. మేమూ ఆవిడకి విప్పి చెప్పలేదు. నాకు సిగ్గేసింది. అసిరయ్య మాత్రం ఆవిడ నటిస్తోందనే అనుకున్నాడు. సీటు పోయిందనుకునే అక్కడ నిలబడ్డాడు.

పైడితల్లి సంచీ మడతలు సరిచేస్తూ నెమ్మదిగా అంది. "వాచీ పట్టేత్తాదని నాకు తెలుసు. అందుకే వద్దన్నాను."

"నీకు తెలుసా?" అసిరయ్య గొంతు పైకి లేచింది. "ఎప్పట్నించి?"

"నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడే. నీ మంచం కాడ పనేటీ లేక ఊరికే కూకున్నాను గదా. అప్పుడే సూసినాను."

"మరి నాకేల సెప్పలేదు?"

"అప్పుడు నీకు నోరే తిరగట్లేదు. ఎవులికి సెప్పను?"

సాహిత్య కుర్చీ దగ్గరికి జరుపుకుని, పైడితల్లి చేతిలోంచి సంచీ తీసుకుని, చెయ్యి ఒళ్లో వదిలెయ్యమని చెప్పింది. పైడితల్లి ఒకసారి మొగుడి మొహం చూసి, వదిలేసింది.