లెవెల్ రాయి దాటిన నీళ్లు

వానలు మొదలైతే చాలు, మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డు పొడుగునా మక్కకంకులు కాల్చే బండ్లు వెలుస్తాయి. సాయంత్రం నేను నడకకు వెళ్లేటప్పుడు బొగ్గుల మీద చిటపటలాడే గింజల వాసన, పైన రుద్దే నిమ్మచెక్క, ఉప్పుకారం ఘాటు, తడిసిన తారు ఆవిరి, ఆగి ఉన్న కార్ల పొగ అన్నీ కలిసి ముక్కుకు తగులుతాయి. హైటెక్ సిటీ వైపు కొలువులు పెరిగినప్పటి నుంచి ఈ కార్లూ పెరిగాయి. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చున్న పిల్లలు శని, ఆదివారాలు స్థలాలు చూసుకోవడానికి వచ్చి, కంకి తింటూ బేరాలు మాట్లాడుకుంటారు. మొన్న ఒక కుర్రవాడు ఫోన్లో ఎవరినో ఆదుర్దాగా అడుగుతున్నాడు: "అది కాదండీ, ప్లాటు ఫుల్ ట్యాంక్ లెవెల్‌కి లోపలుందా, బయటుందా? అదొక్కటి చెప్పండి చాలు." ఆ వాసనా ఆ మాటా ఒకేసారి తగిలేసరికి నేను కంకి కొనడం మరచిపోయి ఇంటికి వచ్చేశాను. రోజూ డైరీలో వాన సంగతి రాసుకునే చోట ఆ రోజు ఒక్క మాటే రాశాను: లెవెల్.

బడిలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి మాటల మీద కొంచెం పట్టింపు ఉంది. కొండల ఎత్తును సముద్ర మట్టం నుంచి, అంటే సీ లెవెల్ నుంచి కొలుస్తారని ఏటా పిల్లలకు చెప్పేదాన్ని. వికారాబాద్ దారిలో రైలు గేటు దగ్గర బస్సు ఆగితే అది లెవెల్ క్రాసింగ్. ఇల్లు కట్టించినప్పుడు మేస్త్రి గోడ మీద పెట్టి, గాజు గొట్టంలోని గాలిబుడగ నడుమకు వచ్చేదాకా చూసిన రసమట్టాన్ని కూలీలందరూ లెవెలనే అన్నారు. కొత్త కారు కొన్నవాడు పలకరించకుండా పోతే వాడి లెవెలే వేరంటారు. ఎదురింటి అమ్మాయికి ఆఫీసులో ఒక లెవెల్ పెరిగిందని మిఠాయి పంచితే, నా షుగర్ లెవెల్ నన్ను తిననివ్వలేదు. ఈ మాట పుట్టుక ఎక్కడిదా అని ఒకసారి బడి లైబ్రరీలో పెద్ద నిఘంటువు తిరగేశాను. ఫ్రెంచి మీదుగా వచ్చిన లాటిన్ మాటట, మొదటి అర్థం చిన్న తక్కెడ. రెండు తట్టలూ ఒకే ఎత్తున నిలవడం నుంచి తక్కిన అర్థాలన్నీ పుట్టాయి. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంగ్లీషు అక్షరం ముక్క రాకముందే నాకు తెలిసిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట అది. అప్పట్లో దాని అర్థం రాయి.

మా ఊరు చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ, రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. ఊరి కింద పెద్ద చెరువు, చెరువుకు ఆ చివర కట్ట, కట్ట పక్కన మత్తడి, మత్తడి దిగువన అమ్మ పుట్టిన ఊరు, వాళ్ల వరి మళ్లు. మత్తడి అంటే చెరువు నిండాక మిగిలిన నీరు పొర్లిపోవడానికి కట్టిన రాతి గోడ. నీరు దాని తల దాటగానే అవతలికి దూకుతుంది గనుక చెరువు అంతకు మించి పెరగదు. అట్లా నిండినప్పుడు మా వైపు నీరు ఎక్కడిదాకా వస్తుందో ఏనాడో ఒక ఓవర్సీరు మూడు కాళ్ల దుర్బిణి పెట్టి చూసి, అక్కడ ఒక రాయి పాతించి పోయాడట. అదే లెవెల్ రాయి. నా నడుము ఎత్తుండేది. మీద వేసిన సున్నం వానకు కారి, ఎండకు పగిలి, చెయ్యి పెడితే తెల్లగా అంటుకునేది. మా ఆటంతా దాని చుట్టే. ఒకరు నీళ్లు, మిగతావాళ్లు పంట. నీళ్లు తరుముకొస్తే పంట పరుగెత్తి రాయిని ముట్టుకోవాలి, ముట్టుకున్నవాళ్లను నీళ్లు ఏమీ చేయకూడదు. ఎంత తొండి ఆడే పిల్లలైనా ఆ ఒక్క నియమాన్ని తప్పేవాళ్లు కాదు.

రాయికి అవతల, ఊరి వైపున మా పొలం. ఏటవాలు ఉందా లేదా అన్నట్టు సాపుగా ఉండే నేల. ఆ ఏడు మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడి ఆశ పెట్టాయి, తర్వాత మొహం చాటేశాయి. మెట్ట మీది ఎర్ర చెల్కలో వేసిన జొన్న మోకాలెత్తు రాకముందే ఎండి, పశువులు కూడా మూతి తిప్పుకునేలా గరగరలాడింది. చెరువు చెమ్మ అందిన ఈ పొలంలో మక్క మాత్రం ముదురాకుపచ్చగా లేచి, పీచు కట్టి, కంకి పెట్టింది. ఇంట్లో గింజలు పోసుకునే గుమ్మి అడుగు కనిపిస్తోంది. మళ్లీ పంట వచ్చేదాకా మాకు తిండి అంటే ఆ మక్కే. మా బాపు మంచె వేస్తే, నేను ఎక్కి కూర్చుని వడిసెలతో చిలకలను తోలేదాన్ని. ఆకుల అంచులు కోసి చేతులు మండేవి, పాలకంకి గిల్లితే గోళ్ల సందున తియ్యటి తెల్లదనం అంటేది. పిడకల మంట మీద కంకి కాల్చుకోవడానికి కూర్చుంటే బాపు వచ్చి, "ఒక్కటే బిడ్డా. ఎండకాలం మక్క గట్క తాగాలె మనం," అనేవాడు. కసురుకున్నట్టు కాదు, బతిమాలుకున్నట్టు అనేవాడు. అందుకే రెండోది కోయడానికి చెయ్యి వచ్చేది కాదు.

భాద్రపదం చివర అనంతగిరి దిక్కు నల్లబడింది. మొదలైన వాన ఆగలేదు. ఇల్లంతా తడి కట్టెల పొగ, ఆరని బట్టల ముక్కిన వాసన. చెరువు నిండుతోందని ఊరంతా సంబరపడింది, బాపు కూడా. నీరు లెవెల్ రాయి అడుగును తాకిన సాయంత్రం ఆయన చూరు కింద బీడీ వెలిగించుకుని, ఇక మత్తడి దూకుతుంది, నీరు రాయి దగ్గరే ఆగుతుందని ధీమాగా అన్నాడు. మత్తడి దూకితే మా ఊరికి వినిపించేది. దూరాన బరువు బండ్లు వరుసగా పోతున్నట్టు ఆగని హోరు ఉండేది. అన్నం తింటూ అందరం దానికోసమే చెవి ఒగ్గాం. కప్పల అరుపు వినిపించింది, చూరు చుక్కలు వినిపించాయి. హోరు రాలేదు. బాపు కంచంలో చెయ్యి కడిగేసుకుని, "మత్తడి దుంకుతలేదు," అన్నాడు.

తెల్లవారి పోయి చూస్తే నీరు రాయిని చుట్టి అవతలికి పాకుతోంది. మొదటి సాళ్లలో మక్క కాళ్లు తడుపుకుని నిలబడి ఉంది. మత్తడి దూకకుండా నీరు రాయి దాటిందంటే దానికి ఒకటే అర్థం. అవతలి ఊరివాళ్లు మత్తడి తల మీద గడ్డి పెళ్లలు పేర్చి ఎత్తు పెంచారు. అక్కడ వాళ్లు ఆపేది జానెడు నీళ్లే, కానీ మా సాపు నేల మీద ఆ జానెడు నీరే పొలం ఆ చివరిదాకా పోతుంది. మొదలు నానిన మక్క ఒరుగుతుంది, ఒరిగిన కంకి కుళ్లుతుంది. ఇంతకు ముందొకసారి ఈ పెళ్లల దగ్గరే తలలు పగిలిన సంగతి నేను పెద్దవాళ్ల మాటల్లో విన్నాను. బాపు పార అందుకున్నాడు. పక్క పొలాల వాళ్లు గడ్డపారలతో వాకిట్లోకి వచ్చేశారు. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు, దానికే నాకు ఎక్కువ భయమేసింది.

అమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. అవతలి ఊళ్లో నీళ్ల పంపకం చూసేది ఆమె తమ్ముడు, మల్లేశం మామ. పెళ్లలు పెట్టించింది ఎవరో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు.

"జర ఆగు. బతుకమ్మ పండుగకు ఎట్లైన పోవాలె నేను. ముందు నేను పోత," అంది.

"పోయి ఏం జేస్తవు?"

"అడుగుత."

బాపు పారను గోడకు ఆనించి, పొద్దు గూకేదాకా ఆగుతానని, ఆ తర్వాత తనను ఆపవద్దని అన్నాడు.

అమ్మ నన్ను తీసుకుని కట్ట మీదుగా నడిచింది. ఎప్పుడూ ఆ దారిలో తంగేడు, గునుగు కోసుకుంటూ, ఏ పూవు ఏ వరసలో పేర్చాలో మాట్లాడుకుంటూ పోయేవాళ్లం. ఆ రోజు పూలు మోకాళ్లకు తగులుతున్నా ఆమె వంగలేదు. కట్టకు ఎడమ పక్క నీరు ఎప్పుడూ లేనంత దగ్గరగా, అలలు లేకుండా, నిండు కుండలా ఉంది. మత్తడి దగ్గర గొంగళ్లు కప్పుకుని నలుగురైదుగురు కాపలా కూర్చున్నారు, మధ్యలో మామ. గోడ తల పొడుగునా పచ్చి గడ్డి పెళ్లలు పేర్చి, కాళ్లతో తొక్కి గట్టిపరిచి ఉన్నాయి. ఒక ముసలాయన మమ్మల్ని చూసి, "ఏమే, ఆడివిల్ల పండుగకొచ్చిందా, పంచాయితికొచ్చిందా?" అన్నాడు.

"రెండిటికి వచ్చిన కాకా," అని, అమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "నీ తడికి నా మక్క మునుగుతున్నది తమ్మీ."

మామ లేచి నిలబడ్డాడు. నిరుటి యాసంగి పంటలో సగం మళ్లు ఎండిపోయాయని, ఈ జానెడు నీళ్లు ఆపితే ఒక తడి ఎక్కువ వస్తుందని, ఆ ఒక్క తడితో వరి గింజ పడుతుందని తల దించుకుని చెప్పాడు. తర్వాత కొంచెం రోషంగా, "బావ అంత ఒడ్డుకే ఎందుకేసిండు మరి?" అన్నాడు.

"రాయి అవుతలనే ఏసిండు. చిన్నప్పుడు ఎత్తుకపోయి చూపిచ్చిన గద నీకు ఆ రాయి. ఇప్పుడు కనవడ్తలేదా?"

మామ గొంగడి దులుపుకుని భుజాన వేసుకున్నాడు. ఇంటికి పోదాం పదమన్నాడు.

అమ్మమ్మ ఇంట్లో నువ్వులు వేయించిన వాసన కమ్మగా నిండి ఉంది. దండెం మీద అమ్మ కోసం కొన్న పండుగ చీర, ఆకుపచ్చ మీద ఎర్ర అంచు. పిండితో మలీద ఉండలు కడుతున్న అమ్మమ్మ చేతులు తుడుచుకుని చెంబుతో నీళ్లు తెచ్చింది. అమ్మ ముట్టలేదు. చీర భుజాన వేయబోతే పక్కకు జరిగింది. పుట్టింటి నీళ్లు ముట్టకపోవడం ఎంత మాటో అమ్మమ్మ మొహంలో చూశాక నాకు అర్థమైంది. అంత దూరం నడిచి నా నోరు పిడచకట్టుకుపోతోంది, చెంబు నా ముందుకు వచ్చింది, తాగాలో వద్దో తెలియక అమ్మ వైపు చూశాను. "తాగు. నీకేం పగ," అంది. రెండు గుక్కలు తాగి చెంబు కింద పెట్టాను. అమ్మ మధ్యాహ్నమంతా గోడకు ఆనుకుని వాకిట్లో ఎండపొడ కోసం చూస్తూ కూర్చుంది. బాపు పొద్దు గూకేదాకే ఆగుతాడని ఆమె చెప్పింది గనుక, పొద్దు వాలుతోందని మామకూ తెలుసు.

మేము మళ్లీ మత్తడి దగ్గరికి వచ్చేసరికి కట్ట మీద మా ఊరివాళ్లు పారలతో వస్తున్నారు, ముందు బాపు. ఇటువాళ్లు కట్టెలు చేతికి తీసుకున్నారు. కట్ట మీద ఇద్దరు పక్కపక్కన నిలబడేంత చోటే ఉంది. పొద్దున పరాచికమాడిన ముసలాయన, పెట్టినవాడే తీయాలి, ఇంకొకడి చెయ్యి పడితే తాను కూడా ఆపలేనని రెండు వైపులకూ వినపడేలా అన్నాడు. అందరూ మామను చూశారు. మామ బాపును చూశాడు.

"మక్కకు ఇంకెన్ని దినాలు కావాలె బావా?"

బాపు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "వారం. ఎండ కాస్తే," అన్నాడు.

"వారమైనంక వాన రాకపోతే?"

బాపు పారను నేలకు దించాడు. అమ్మ నీళ్ల వైపు తిరిగి నిలబడింది. మామ ధోవతి పైకి దోపుకుని, గోడ మీదికి దిగి, వంగి మొదటి పెళ్ల పెరికాడు. సన్నటి ధార దూకింది. రెండోది, మూడోది తీశాక నీరు తానే తక్కిన పెళ్లలను తోసుకుంటూ గోడ పొడుగునా తెల్లగా విరిగిపడింది. ఆ హోరులో ఎవరు ఏమన్నారో నాకు వినపడలేదు. ఇంటికి పోయేటప్పుడు అమ్మ చేతిలో చీర లేదు.

నీరు రాయి దగ్గరికి తగ్గింది. ఎండ కాసింది. బురదలో కూరుకుపోతూ మక్క కోశాం, మొదటి సాళ్లలోది పులిసిన వాసన కొట్టి పారేశాం గానీ మిగతాది ఇంటికి చేరింది. గుమ్మి నిండింది. వాకిట్లో ఎండబోసిన గింజల పసుపు రంగు కళ్లు చెదిరేలా ఉండేది, రాత్రి పేలాల వాసనకు పక్కింటి పిల్లలు కూడా చేరేవాళ్లు. అమ్మ సద్దుల పండుగ నాడు పాత చీరతోనే బతుకమ్మ ఎత్తుకుంది. వాన ఆగితే చాలనుకున్న మనిషి, ఇప్పుడు పొద్దున లేవగానే వాకిట్లో నిలబడి అనంతగిరి దిక్కు చూసేది. పొయ్యి మీద గట్క కలుపుతూ మధ్యలో లేచి వచ్చి చూసేది. దీపావళి పోయింది. ఆకాశం అద్దంలా ఉండిపోయింది. ఆ ఏడు మళ్లీ వాన రాలేదు.

ఎండలు ముదిరాక మామ మళ్లలో పై సగం గింజ పట్టకుండానే ఎండిపోయిందని తెలిసింది. బాపు బండి కట్టి, గుమ్మిలో మిగిలిన మక్కలో సగం బస్తాలకెత్తాడు. నన్నూ అమ్మనూ బండెక్కించుకున్నాడు. మామ ఇంటి ముందు ఆగాక ఎవరు ముందు పలకరించాలో తెలియక బాపు ఎద్దుల మెడలు నిమురుతూ నిలబడ్డాడు. మామ వచ్చి ఒక బస్తా మూతి విప్పి, గుప్పెడు గింజలు తీసి అరచేతిలో ఊదుకుని చూశాడు. "పురుగు వట్టిన మక్క దెచ్చిండు మా బావ," అని లోపలికి వినపడేలా అన్నాడు. అమ్మ బండి దిగుతూ, "మీ ఇంట్ల నీళ్లున్నయా, ఎండిపాయినయా?" అని అడిగింది. అమ్మమ్మ చెంబు పట్టుకుని ఏడ్చుకుంటూ వచ్చింది. అమ్మ చెంబెత్తి గటగటా తాగేసింది.

ఆ మళ్లు ఇప్పుడు లేవు. మత్తడి పక్క నుంచి సిమెంటు రోడ్డు పోతోంది, దాని హోరు వినడానికి ఊరు నిశ్శబ్దంగా ఉండడం లేదు. లెవెల్ రాయి ఏ ఇంటి పునాదిలో కలిసిపోయిందో తెలియదు. మా పొలం ఉన్న వైపున గేట్లు, వాచ్‌మన్‌లు ఉన్న ఇళ్ల వరసలు వచ్చాయి. కొన్నాళ్లు మా మేడ మీద కిరాయికి ఉన్న రాజమండ్రి అబ్బాయి శ్రీనివాస్ అక్కడే ఇల్లు కొనుక్కున్నాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒక చిన్న పాప. పోయిన వానాకాలంలో రెండు రోజులు ఆగని వాన తర్వాత ఫోన్ చేశాడు. "టీచర్‌గారూ, నీళ్లు గేటు దాటాయండీ. ఆఫీసులన్నింటికీ ఫోన్లు చేస్తున్నాం, మాది కాదంటే మాది కాదంటున్నారు. మీ ఊరే కదండీ, ఎవరితో మాట్లాడాలో ఒక్క పేరు చెప్పండి."

నేను ఆ ఊళ్లో నాకు తెలిసిన వాళ్లందరినీ ఒక్కొక్కరినే తలచుకున్నాను. అవతల ఫోన్లో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది, పాప ఏదో అడుగుతోంది. చెప్పడానికి ఒక్క పేరు కూడా దొరకలేదు.

"పాపను తీసుకుని మా ఇంటికి వచ్చెయ్యి నాయనా," అన్నాను.