మిరియాల తోటలో మోకు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. సిరిసిల్లలో పద్దెనిమిదేళ్లు సాంచాలు నడిపినవాణ్ని. ఆ మగ్గాల చప్పుడులో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు, ఇక దయ్యం పిలిస్తే ఎవడికి వినపడుతుంది? ఎవరైనా ఇలాంటి ముచ్చట మొదలుపెడితే లేచి వెళ్లిపోయేవాణ్ని. ఇప్పుడు నేనే చెబుతున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి.

మా అన్న మల్లేశం రుద్రంగిలో తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చెట్లు ఎండిపోతే దుబాయి వెళ్లాడు, ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. అప్పుడు దొరికాడు కూలీలను పనులకు పంపే కోరుట్ల మేస్త్రి ఒకడు. కర్ణాటకలో కొడగు కొండల నిండా కాఫీ తోటలేనట. నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగలు పాకిస్తారట, ఎక్కి కోసేవాళ్లు కావాలట.

"తాటిచెట్టెక్కేటోనికి గదొక లెక్కనా" అని అన్న సంచి సర్దుకున్నాడు.

మూడు వారాలు రోజూ ఫోన్ చేశాడు. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. మేస్త్రిని అడిగితే "మంచిగనే ఉన్నడు, గాడ సిగ్నల్ లేదు" అన్నాడు. రెండోసారి అడిగితే ఏ ఊళ్లో బస్సు దిగాలో, ఎటు పోవాలో విసుక్కుంటూ చెప్పాడు. మూడోసారికి వాడి ఫోనే బంద్. వదిన అన్నం ముట్టడం మానేసింది. నేను బయలుదేరాను.

రెండు రాత్రులు కంటిమీద కునుకు లేదు. తెల్లవారాక కొండల్లోకి బస్సెక్కితే, చుట్టూ ఉన్నవాళ్లంతా చూడ్డానికి వచ్చినవాళ్లే. మంచు, లోయలు, ఎర్రగా పండిన కాఫీ పళ్లు, ప్రతి మలుపులో ఒక ఫోటో. దారిలో కొండమీది శివుడి గుడి దగ్గర డ్రైవర్ ముప్పావుగంట ఆపాడు. నేను లోపలికి వెళ్లలేదు. మా దిక్కు శివుడు ఎములాడ రాజన్నకు మొక్కిందే ఇంకా తీరలేదు, ఈయనకెక్కడ మొక్కేది? అంత అందమైన చోట నాకంత చిరాకు ఎప్పుడూ పుట్టలేదు.

బస్సు దిగి నడిస్తే తోవ రెండుగా చీలింది. మేస్త్రి కుడివైపు అన్నాడు కాబట్టి కుడివైపు తిరిగాను. ఇరవై అడుగులు వేశానో లేదో, పైనుంచి మాట వినపడింది.

"తమ్మీ, గటు గాదురా. ఎడమ దిక్కు పో. జల్ది పో."

అన్న గొంతు. తలెత్తి చూశాను. ఎత్తయిన చెట్టు మీద మనిషి, వీపు నావైపు. మనవాళ్లు తాటిచెట్టెక్కేటప్పుడు తమ నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడుంటుంది, మోకు అంటాం. ఆ మోకు మీద వాలి, పాదాలు మానుకు తన్ని నిలబడ్డాడు. భయం వేయలేదు, ఒళ్లు మండింది.

"ముందుగాల దిగు. వదిన ఏడ్సి ఏడ్సి సగమైంది, నువ్వు చెట్టు మీదికెల్లి తొవ్వ జెప్తున్నవా?" అన్నాను.

మంచు కమ్మింది. అది విడిపోయేసరికి చెట్టు మీద ఎవరూ లేరు. దిగితే నా ముందే దిగాలి. పది నిమిషాలు నిలబడ్డాను. పంతం పడుతున్నాడనుకుని, తిట్టుకుంటూ ఎడమ తోవ పట్టాను.

పావుగంట నడిస్తే కూలీల రేకుల ఇళ్లు వచ్చాయి. చివరి గదిలో అన్న మంచం మీద ఉన్నాడు. కుడికాలు తొడదాకా వాచి నల్లబడింది, ఒళ్లు నిప్పులా ఉంది.

"అచ్చినవా తమ్మీ" అన్నాడు, అంతే.

చెట్టు మీది నుంచి పడి పదకొండు రోజులైందట. జేబులోని ఫోన్ పగిలిపోయింది. ఇంటికి చెబుతా, ఆసుపత్రిలో చూపిస్తానన్న మేస్త్రి మాయమయ్యాడు. వాడు నాకు చెప్పిన కుడి తోవ అవతలి కొండ మీది వేరే తోటకు పోతుంది.

తోట సూపర్‌వైజర్ వచ్చీరాని హిందీలో మిగతాది చెప్పాడు. మొదటిరోజే అన్న మోకు వేసి చెట్టెక్కాడట. తాటిమానుకు తీగలుండవు, ఇక్కడ మాను చుట్టూ మిరియాలే. తాడు ఒత్తిడికి కాయలన్నీ నలిగిపోయాయి. దాంతో మోకు లాక్కుని గోదాంలో పెట్టి, ఒంటి వెదురు నిచ్చెన ఇచ్చారు. నిచ్చెన అన్న కాళ్లకు కొత్త. దాని మీద నుంచే జారాడు. గోదాం తాళం తీయించి చూశాను. మోకు మూలన దుమ్ము పట్టి ఉంది.

జీపులో అన్నను ఆసుపత్రికి తీసుకెళుతూ, నాకు మాట వినపడిన చెట్టు దగ్గర ఆపించాను. మాను చుట్టూ చెయ్యి పెట్టి తడిమాను. ఒక్క ఆకు నలగలేదు, ఒక్క గుత్తి రాలలేదు. ఆ వరస ఇంకా కోతకే రాలేదని సూపర్‌వైజర్ అన్నాడు.

ఇంకో రెండు రోజులైతే కాలు తీసేయాల్సి వచ్చేదని డాక్టర్ చెప్పాడు. ఇప్పుడు అన్న కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. చెట్టెక్కడం మాత్రం ఈ జన్మకు అయిపోయింది.

నిద్రలేమి, ఆకలి, మంచు అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ అలసటకు తోవ ఎట్లా తెలుస్తుంది? ఒక్కసారి అన్నతోనే అన్నాను, నడుముకు మోకుతో నిన్ను చూశానని. అంతా విని కోపానికొచ్చాడు.

"మోకు నా నడుముకుంటే నేనెందుకు వడుదురా?" అని గోడవైపు తిరిగిపోయాడు.

ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. తెలుస్తుందన్న ఆశ కూడా లేదు. కృతజ్ఞత ఉండాలంటారు, నాకైతే వాడిమీద కోపమే పోలేదు. నాకు తోవ చెప్పడానికి అక్కడ ఉన్నవాడు, మా అన్న జారుతుంటే ఎక్కడ చచ్చాడు?