లావు తీగలు, పాలు పితికే వేళ్లు

మా చర్చి పాటలను ఇంట్లోనే ఫోన్‌లో రికార్డు చేస్తుంటాను. పాట అడుగున మోగే బాస్ స్వరాలు కావాలంటే ఇన్నాళ్లూ కీబోర్డు వాయించే మా మరిది ఎడమ చేతిని బతిమాలుకోవాల్సి వచ్చేది. విసుగొచ్చి, తక్కువ ధరలో ఒక బాస్ గిటార్ కొందామని ఈ రోజు మా ఊరు కొనకనమిట్ల నుంచి మార్కాపురం వెళ్లాను.

దుకాణం ఆయన బాస్ గిటార్ కిందికి దించనే లేదు. పిల్లలు వాయించే బుల్లి గిటార్ ఒకటి నా ముందు పెట్టాడు.

"ఆడోళ్ల వేళ్లకు ఆ లావు తీగలు లొంగవు గదమ్మా. ఇది తీసుకపో, ముద్దుగా ఉంటది."

"పొద్దున్నే రెండు బర్రెల పాలు పిండి వచ్చినానన్నా. ఆ లావు తీగలదే దించు."

రెండు దించాడు. అంతలో కరెంటు పోయింది. స్పీకర్ లేకుండా ఏం వినపడుతుందని నవ్వాడు. నేను గిటార్ చెక్కకు చెవి ఆనించి, ఒక్కో తీగనూ మెట్టు మెట్టునా నొక్కి విన్నాను. మెరిసే ఎర్రదాంట్లో మూడో తీగ జరజరమంది. రంగు పోయిన పాతదాని మోత మాత్రం దవడ ఎముకలోంచి గుండెలోకి దిగింది. ధర కూడా సగమే. అదే తీసుకున్నాను.

"మీ ఆయన్ని ఒక మాట అడగవా?" అన్నాడు.

"ఆయనకు శ్రుతి తెలిస్తే అడిగేదాన్నే అన్నా."

సాయంత్రం దాంతోనే ఒక పాట రికార్డు చేసి ఆ దుకాణం వాట్సప్‌కు పంపాను. నీలం టిక్కులు పడ్డాయి.

మీ వేళ్లు చూసి మీరేం వాయించాలో ఎవరైనా తేల్చి చెప్పారా? కింద రాయండి. నేనైతే రేపు ఆ దుకాణం ఆయనకు రెండో పాట పంపుతున్నాను.