చూసి చదివిన మాట

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అందరూ కలిసి ఒకే మాట అంటున్నారంటే ముందే కూడబలుక్కుని ఉంటారని నా అనుమానం. తాండూరులో విత్తనాలు, పురుగుమందులు అమ్మే ఒక దుకాణంలో పద్దెనిమిదేళ్లు కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి. సీసా సీలు ఎవరైనా కదిపారా, సంచికి కుట్టు రెండోసారి పడిందా, డబ్బా మీది నంబరు బిల్లులో ఉందా అని చూడటమే నా పని. ఆ ఉద్యోగం మానేసి ఐదేళ్లయినా, ఇప్పటికీ ఇంటికి పాల ప్యాకెట్ వస్తే ముందు దాని అంచులు తడిమి చూస్తాను.

ఉద్యోగం వదిలాక బిడ్డ చదువు కోసం వికారాబాదుకు మారాం. ఖాళీగా కూర్చోలేక కంది సాగు మీద ఫోన్‌లో వీడియోలు తీసి నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాను. పూడూరు వైపు పోయే దారిలో తెలిసినవాళ్ల కందిచేను ఉంది. అందులో నిలబడి, కొమ్మ వంచి, పురుగును గోటితో బయటికి లాగి చూపిస్తూ తోచింది తోచినట్టు మాట్లాడేవాణ్ణి. మధ్యలో మరిచిపోయి, "ఆగుండ్రి, తప్పు జెప్పిన" అని మళ్లీ మొదటికి వచ్చేవాణ్ణి. చేను కాపలా కుక్క ఒకటి నా కాళ్ల మధ్య దూరేది. దాన్ని అదిలించడం కూడా వీడియోలో పడేది.

వాటిని ఎంతమంది చూసినా, నిజానికి నేను తీసింది ఒక్కడి కోసం. మా బావ కోసం. తాండూరు దాటి ఇంకాస్త పోతే సగం మంది కన్నడం మాట్లాడే ఊళ్లో మా అక్కా బావా నాలుగెకరాల్లో కంది వేస్తారు. ఏడాదంతా వాళ్లు బతికేది ఆ పంట మీదే. బావ నాకంటే పన్నెండేళ్లు పెద్ద. బామ్మర్దిని సలహా అడగడం ఆయనకు నామోషీ. ఆయన అడగకుండా నేనే ఫోన్ చేసి వ్యవసాయం నేర్పితే అది బావను చిన్నబుచ్చడం అవుతుంది. అందుకని మా మధ్య ఒక దొంగదారి ఏర్పడింది. చేనులో ఏం జరుగుతోందో అక్క గుట్టుగా నాకు ఫోన్ చేసి చెబుతుంది. నేను ఎవరి పేరూ ఎత్తకుండా ఆ సంగతి మీదే వీడియో చేస్తాను. బావ దాన్ని అరుగు మీద కూర్చుని చూసి, తనకే తట్టినట్టు మర్నాడు ఆ పని చేస్తాడు. నాలుగేళ్లు ఇలాగే నడిచింది. పెళ్లిళ్లలో కలిసినా ఇద్దరం ఆ వీడియోల మాట ఎత్తేవాళ్లం కాదు.

టెలిప్రాంప్టర్ ఆలోచన మా బిడ్డది. నేను మాట్లాడిన ఇరవై నిమిషాల్ని ఎనిమిది నిమిషాలకు కత్తిరించే పని ఆమె మీదే ఉండేది.

"డాడీ, చెప్పిందే మూడుసార్లు చెప్తున్నవ్. మధ్యల కుక్కను ఎల్లగొడ్తున్నవ్. రాసుకుని, సూసి సదువు. టీవీల వార్తలు చెప్పేటోళ్లు గట్లనే సదువుతరు," అంది.

"వాళ్లు సూసి సదువుతరా?"

"మరి గంత నోటికొస్తదా?"

ఇన్నేళ్లుగా వార్తలు చూస్తూ ఆ సంగతి పట్టుకోలేకపోయానని ఆ రోజంతా నా మీద నాకే కోపం. నా మాటతీరు చూసి కాలేజీలో ఎవరైనా నవ్వారేమో, అందుకే బిడ్డ ఈ ఎత్తు వేసిందేమో అని కూడా అనుకున్నాను. అడిగితే లేదంది. అంత తొందరగా లేదని ఎందుకందో నాకు అంతుబట్టలేదు.

సామాను చిన్నదే. ఏటవాలుగా నిలబెట్టిన, వెనక నుంచి చూస్తే గాజుపలకలా అవతలిది కనపడే ఒక అద్దం, దాని కింద వెల్లకిలా పడుకోబెట్టిన ఒక ఫోన్, అద్దం వెనక నల్లగుడ్డ చాటున వీడియో తీసే ఇంకో ఫోన్. కింది ఫోన్‌లో అక్షరాలు తిరగబడి ఉంటాయి, అద్దంలో మాత్రం సరిగ్గా కనపడతాయి. వెనకున్న కెమెరాకు ఆ అక్షరాలు కనపడవు, మన మొహమే కనపడుతుంది. మనం చదువుతూ ఉంటే చూసేవాళ్లకు తమతోనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. బిడ్డ ఇదంతా విడమరిచి చెబుతుంటే, ఇది మోసం కాకపోతే ఇంకేమిటని అడిగాను. ఆమె నవ్వి, ఫోన్‌లో ఆ సామాను ధరలు వెతకడం మొదలుపెట్టింది.

మొదటిది నెట్‌లో తెప్పించాం. పార్సిల్ విప్పుతుంటే బిడ్డ చేత వీడియో తీయించాను, రేపు లేదంటే సాక్ష్యం ఉండాలి కదా. నేను అనుకున్నంతా అయింది. అందులో ఉన్నది అద్దం కాదు, ప్లాస్టిక్ పలక. ప్రతి అక్షరం పక్కన నీడలా ఇంకో అక్షరం కనపడేది. తిప్పి పంపేశాను. రెండోసారి హైదరాబాదులో కెమెరాల దుకాణానికి స్వయంగా వెళ్లాను. అద్దం మీద పెన్సిల్ మొన ఆనించి చూడమని ఎక్కడో విన్నాను. మొనకూ అద్దంలో కనపడే మొనకూ మధ్య సందు ఉంటే అద్దానికి వేసిన మెరుపు పూత వెనకవైపు ఉన్నట్టు, అక్షరం రెండుగా కనపడుతుంది. సందు లేకపోతే పూత మనవైపే ఉన్నట్టు. నాలుగు అద్దాల మీద పెన్సిల్ పెట్టేసరికి దుకాణం అతను కౌంటర్ వదిలి నా పక్కన వచ్చి నిలబడ్డాడు. నాలుగోది సరిపోయింది, అదే తెచ్చుకున్నాను.

అది చేనులో పనికిరాదని తెచ్చాకే తెలిసింది. ఎండకు అద్దంలో అక్షరాలు వెలవెలబోయి ఒక్కటీ కనపడలేదు. దాంతో మకాం ఇంటి ముందుగదిలోకి మార్చాం. వెనక ఒక పచ్చని దుప్పటి కట్టి, చేనులోంచి విరిచి తెచ్చిన కందికొమ్మ చేతిలో పట్టుకుని కూర్చునేవాణ్ణి. గది ఇరుకు. అద్దానికి దూరంగా కూర్చుంటే చదివేవాడి కండ్లు కదులుతున్నట్టు తెలియదు. మాకు అంత దూరం లేదు, అంత దూరం నుంచి నాకు అక్షరాలు ఆనవు కూడా. మొదటి వీడియో చూసి బిడ్డ పట్టేసింది.

"డాడీ, నీ కండ్లు ఈడికెల్లి ఆడికి ఉరుకుతున్నయ్. వరుసలు పొట్టిగ చేస్త, అప్పుడు గంతగనం కదలవు."

వరుసల పేరు చెప్పి నా విషయమే తగ్గించేస్తుందని నేను ఒప్పుకోలేదు. అన్నీ పూర్తిగా ఉండాలని పట్టుబట్టాను. ఆమె విసుక్కుని నీ ఇష్టమంది.

అసలు తంటా కింది ఫోన్‌లో అక్షరాలు చూపించే యాప్‌తో వచ్చింది. మనం చదువుతుంటే అది విని, అక్షరాల్ని తనంతట తనే పైకి జరుపుతుంది. మొదటి రోజు, "పూత గిట్ల ముడుసుకపోయి ఉంటది, జర ఇప్పి సూడుండ్రి" అని చదివాను. అక్షరాలు కదల్లేదు. గొంతు పెంచి చదివాను, అయినా కదల్లేదు. బిడ్డ ఆ వాక్యాన్ని "పూత ఇలా ముడుచుకుపోయి ఉంటుంది, కొంచెం విప్పి చూడండి" అని మార్చి రాసింది. ఈసారి బుద్ధిగా జరిగాయి. చేత్తో నొక్కి జరిపే చిన్న రిమోట్ కూడా ఉంది కానీ, ఒక చేతిలో కొమ్మ, ఇంకో చేత్తో పురుగును చూపించడం, మూడో చెయ్యి ఎక్కడి నుంచి వస్తుంది? యంత్రానికి నా మాట అర్థం కాలేదని నేనే దాని మాట నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి పిచికారీ, సస్యరక్షణ, చేసినట్లయితే అన్నీ నా నోట్లో తిరగసాగాయి.

వీడియోలు ఆరు నిమిషాలకు దిగాయి. తడబాటు లేదు, కుక్క లేదు. చూసేవాళ్లు పెరిగారు, ఇప్పుడు క్లియర్‌గా ఉంది సార్ అని రాశారు. నేను మురిసిపోయి, రికార్డింగ్‌కు ముందు మీసం దువ్వుకోవడం కూడా మొదలుపెట్టాను. ఎవరో ఒకరిద్దరు మాత్రం "ఏ కంపెనీ సార్ మీది?" అని రాసేవాళ్లు. "ఆ కొమ్మ ఎవరి చేన్లది?" అని ఇంకొకరు అడిగారు. ఇదంతా నా పాత యజమాని చేయిస్తున్న పనేనని తేల్చుకుని ఆ రాతలన్నీ తీసేశాను. అంతకు మించి ఆలోచించలేదు.

నాలుగు నెలలు గడిచాయి. కంది నిండుగా పూసిన సమయంలో వరుసగా నాలుగు రోజులు మబ్బు పట్టింది. ఐదో రోజు పొద్దున అక్క ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది కాబట్టి బావ దగ్గర్లోనే ఉన్నాడన్న మాట.

"తమ్మీ, పూతంత గూళ్లు గట్టింది. ఇప్పితే లోపల సన్న పురుగు. మీ బావ మందు తెచ్చి పెట్టిండు గని, కొట్టాల్నా వద్దా అని నీ వీడియో కోసం సూస్తుండు. జర జల్ది పెట్టు."

ఆ పురుగు మొగ్గల్నీ పువ్వుల్నీ దారాలతో గూడులా అల్లి, లోపల దాక్కుని తింటుంది. వారం ఊరుకుంటే ఇక కాయ పడదు. మధ్యాహ్నానికల్లా వీడియో చేసి పెట్టేశాను. మొదటిసారికే ఒక్క తప్పూ లేకుండా చదివాను. ఈ రోజు సాయంత్రమే మందు పిచికారీ చేయండి, రేపటికి వాయిదా వేయకండి అని గట్టిగా చెప్పాను. అంత శుభ్రంగా నేను ఎప్పుడూ మాట్లాడలేదని ఆ పూటంతా సంతోషంగా ఉన్నాను.

వీడియో పెట్టిన తొమ్మిదో రోజు అక్క మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు తగ్గించలేదు.

"పూత రాలుతున్నది తమ్మీ. నువ్వు ఒకసారి రా. మీ బావ ఏమన్న అననియ్యి."

మర్నాడు వికారాబాదులో పొద్దుటి రైలెక్కాను. తాండూరు వచ్చేలోపు దోషులందర్నీ వరుసలో నిలబెట్టాను. నకిలీ మందు అంటగట్టి ఉంటారు. గడువు దాటిన సీసాకు కొత్త చీటీ అతికించి ఉంటారు. కొట్టడానికి వచ్చిన కూలివాడు మందు దాచుకుని ఉత్త నీళ్లు కొట్టి ఉంటాడు. అసలు మందు కొట్టారా అని అడగాలని మాత్రం నాకు తోచలేదు. స్టేషన్ బయట బండల లారీల దుమ్ములో ఆటో కోసం నిలబడి, ఆ సీసాతో నేరుగా అమ్మినవాడి దుకాణానికి పోయి నలుగురిలో నిలదీయాలని నిశ్చయించుకున్నాను.

ఇంటికి చేరగానే అక్కను బాగున్నావా అని కూడా అడగలేదు. సీసా ఏదని అడిగాను. పశువుల కొట్టంలో గూట్లో ఉందని చూపించింది. వెలుతురులోకి తెచ్చి చూశాను. చీటీ అసలుదే, నంబరు సరిగ్గానే ఉంది, గడువు ఇంకా ఏడాది ఉంది. మూత తిప్పబోతే కింద సీలు గట్టిగా పట్టుకుని ఉంది. ఆ సీసాను ఎవరూ తెరవనే లేదు.

"కొట్టలే," అంది అక్క, నా మొహంలోకి చూడకుండా.

బావ చేను గెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముడుచుకుపోయిన పూత ఎండి గోధుమరంగుకు తిరిగింది. కొమ్మ ముట్టుకుంటే గలగలా రాలుతోంది. చేతిలో సీసాతో ఆయన ముందు నిలబడ్డాను. నాలుగేళ్లుగా ఇద్దరం దాచుకున్న మాట నా నోటి నుంచి వచ్చేసింది.

"బావా, నా వీడియో సూడలేదా?"

"సూసిన. రెండుసార్లు సూసిన."

"మరెందుకు కొట్టలే?"

బావ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. కోపంగా లేడు, అలిసిపోయి ఉన్నాడు.

"నువ్వు నాతోని మాట్లాడుతలేవు బామ్మర్ది. నీ కండ్లు నా మీద నిలుస్తలేవు. నా ఎనక ఎవడో కాయితం పట్టుకుని నిలబడ్డట్టు, నువ్వు దాన్ని సదువుతున్నట్టు ఉన్నది. మాట గూడ నీది గాదు. ఎవ్వడో మందులోడు రాసిచ్చిండు, మావోడు అమ్ముడువోయిండు అనుకున్న. ఇయ్యాల్నే కొట్టుమని నువ్వు గంత గట్టిగ జెప్పేసరికి ఇంక పక్కా అనిపించింది."

"ఒక్క ఫోన్ జేస్తే అయిపోతుండె గద బావా."

"నువ్వు జేస్తే గూడ అయిపోతుండె."

సిగ్గుతో చచ్చిపోయాను. కనపడిన ప్రతివాణ్ణీ అనుమానించుకుంటూ వచ్చానే కానీ, నన్ను అనుమానించడానికి కూడా మనుషులు ఉంటారని, అందులో మా బావే మొదటివాడు అవుతాడని నా బుర్రకు ఎక్కలేదు. నేను అమ్ముడుపోయానన్న బాధను ఆయన అక్కకు కూడా చెప్పకుండా ఇన్ని రోజులు మోశాడు. పక్కనే తన చేను పోతోంది.

అయితే చేనంతా పోలేదు. కంది మొండిది. కొమ్మల చివర మళ్లీ చిన్న చిన్న మొగ్గలు వేస్తోంది. ఆ సాయంత్రమే మందు కొడితే రెండో పూత నిలుస్తుంది, ఏడాది గడవడానికి నాలుగు గింజలైనా చేతికి వస్తాయి. ఆలస్యం చేస్తే అదీ ఉండదు. ఈసారి ఆయన నమ్మేటట్టు చెప్పాలి. గెట్టు వెంట కొంత దూరం నడిచి, ఏది ముందు చెప్పాలో ఏది తర్వాత చెప్పాలో మనసులో పేర్చుకుని, తిరిగొచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"బావా, జరిగిన పొరపాటు నాదే. అయినప్పటికీ మొక్క ఇంకా బలంగా ఉంది. కొమ్మల చివర కొత్త మొగ్గలు వస్తున్నాయి. ఈ సాయంత్రమే మందు పిచికారీ చేసినట్లయితే రెండో పూతను కాపాడుకోవచ్చు..."

ఆ మాటలు నావి కావని నా చెవికే తెలుస్తోంది. ఆపి మామూలుగా చెబుదామని చూశాను. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. బావ కాసేపు నా కండ్లలోకే చూస్తూ విన్నాడు. తర్వాత మెల్లగా మెడ తిప్పి, తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.