తొమ్మిది కంపెనీలు, ఒక్క టైపిస్టు

అది 1994. మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో ఒక ట్రేడింగ్ కంపెనీ ఆఫీసు. రంగులు, రసాయనాలు తయారుచేసే ఒక విదేశీ కంపెనీకి మేము ఏజెంట్లం. అక్కడ నేను, సూర్యనారాయణని, సీనియర్ టైపిస్టుని. సీనియర్ అన్నది పేరుకే. నా కుర్చీ సరిగ్గా ఏసీ కింద ఉండేది. అందులోంచి నీటి చుక్కలు నా మెడ మీద పడేవి. సీటు మార్చమని రెండేళ్లలో ఐదు అర్జీలు పెట్టాను. ఐదింటి కార్బన్ కాపీలూ ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

మా మేనేజర్ కె. థామస్ గారు కేరళ మనిషి. పని తెలిసినవాడే, కాదనను. కానీ అంతకు ముందు సంవత్సరం, మా ఆఫీసులోనే పనిచేసే ఆయన బావమరిది టైప్ చేసిన ఉత్తరంలో డ్రమ్ముల సంఖ్య తప్పు పడితే, నన్ను అందరి ముందూ నిలబెట్టి "కళ్లజోడు మార్చుకో" అన్నాడు. నాకు అసలు కళ్లజోడే లేదు.

ఆ మాట మరిచిపోయే రకం కాదు నేను. ఏ ఉత్తరం ఎవరు కొట్టారో తెలిసే ఏర్పాటు ఉండాలని వరసగా మూడు ఫిర్యాదులు రాశాను. నా పోరు పడలేక ఆయన ఒక సర్క్యులర్ తీశాడు. ఈ ఆఫీసులో తయారయ్యే ప్రతి ఉత్తరం అడుగున, ఎడమ పక్క, రిఫరెన్స్ ఇనిషియల్స్ ఉండి తీరాలి. అంటే ముందు చెప్పి రాయించినవారి పొడి అక్షరాలు, ఒక గీత, ఆ తర్వాత టైప్ చేసినవారివి. మినహాయింపులు లేవు. కింద ఆయన సంతకం.

ఆ వేసవిలో విదేశీ కంపెనీ నుంచి పెద్ద ఫ్యాక్స్ వచ్చింది. ఎక్కడో ఒక పేద దేశంలో వాళ్ల ఫ్యాక్టరీ నదిలోకి వ్యర్థాలు వదిలిందని ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్లు కోర్టుకెక్కారు. అక్కడ గెలవడం కష్టమనిపించిందేమో, కంపెనీ ఇంకో దారి పట్టింది. ఆ దేశపు సరుకులకు కంపెనీ స్వదేశం సుంకంలో రాయితీ ఇస్తోంది. కేసు ఆగేదాకా ఆ రాయితీ ఆపమని స్వదేశపు వాణిజ్య శాఖకు ఉత్తరాలు వెళ్లాలి. రాయితీ పోతుందన్న భయంతో ఆ పేద దేశపు ప్రభుత్వమే కేసు ఆపిస్తుందని లెక్క. తానొక్కతే అడిగితే స్వార్థమంటారు. అందుకని పలు దేశాల వ్యాపారులు ఎవరికి వారే కలత చెంది రాసినట్టు ఉండాలి. దీన్ని లాబీయింగ్ అంటారని థామస్ గారే చెప్పాడు. మా వంతు తొమ్మిది ఉత్తరాలు, మా దగ్గర సరుకు కొనే తొమ్మిది చిన్న కంపెనీల పేర.

లెటర్‌హెడ్లు తేవడానికి డ్రైవర్ రాజేశంతో బయల్దేరాను. జగిత్యాల దగ్గరి మనిషి. బౌషర్ నుంచి సీబ్ దాకా తిరిగి, ఖాళీ లెటర్‌హెడ్ల మీద సంతకాలు, ముద్రలు వేయించుకున్నాం. వీటి మీద ఏం రాస్తారని ఒక్క కంపెనీవాడూ అడగలేదు. రాజేశం అడిగాడు. చెప్పాను.

"మా ఊరికాడ రంగుల ఫ్యాక్టరీ పెట్టినంక మా బాయి నీళ్లు ఎర్రగైనయి సారూ," అన్నాడు. "మా కాక కేసేసి ఎనిమిదేండ్లు తిరిగిండు. ఒకనాడు ఉట్టిగనే కొట్టేసిన్రు. ఎనక నుంచి ఎవలు ఏం రాసిన్రో గిప్పటికీ తెల్వది."

"ఇది వేరే దేశం సంగతి రాజేశం."

"బాయి ఏడున్నా బాయే గదా. గా నది ఒడ్డోళ్లకన్న తెలుస్తదా, ఈ కాయితాలు ఎవలు రాసిన్రో?"

"తెలియకూడదనే కదా ఇదంతా."

"మెడ మీద నీళ్ల చుక్క పడితెనే అయిదు అర్జీలు పెట్టినవు నువ్వు," అని నవ్వి గేరు మార్చాడు.

ఆఫీసుకి వచ్చి థామస్ గారిని అడిగాను. "సార్, తొమ్మిది కంపెనీలు రాయాల్సినవి మనమే రాస్తే..."

"టైపిస్టుకి విషయంతో పనేంటి? కళ్లజోడు పెట్టుకుని కొట్టు."

మళ్లీ కళ్లజోడు.

ఆయన చెప్పినవన్నీ చేశాను. ఎలక్ట్రానిక్ టైప్‌రైటర్లో అక్షరాలుండే చక్రాన్ని డెయిజీ వీల్ అంటారు. అది మారిస్తే అక్షరాల రూపు మారుతుంది. మూడు చక్రాలు మార్చి మార్చి వాడాను. మార్జిన్లు మార్చాను. ఒక కంపెనీ చేత ఆందోళన, ఇంకో కంపెనీ చేత విచారం వ్యక్తం చేయించాను. చివర, సంతకం కింద, ఎడమ పక్క, తొమ్మిదింటిలోనూ ఒకటే కొట్టాను: కె.టి./ఎస్.ఎన్. మొదటి కాగితం మీద చేయి కాసేపు ఆగింది. నా వీసా కంపెనీ చేతిలో ఉంది. కానీ సర్క్యులర్లో మినహాయింపులు లేవు.

పై అధికారులు ఉత్తరాన్ని పైనుంచి చదువుకుంటూ వచ్చి సంతకం దగ్గర ఆగిపోతారు. దాని కింద ఏముందో టైపిస్టుకే తెలుసు. థామస్ గారు తొమ్మిదీ చూసి "బాగున్నాయి" అన్నాడు. నా పనికి ఆ మాట రావడం అదే మొదటిసారి.

నెలన్నర తర్వాత ఆ వాణిజ్య శాఖ నుంచి తొమ్మిది కంపెనీలకూ ఒకే జవాబు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. తొమ్మిది ఉత్తరాలూ ఒకరే చెప్పి రాయించి, ఒకరే టైప్ చేసినట్టు కనిపిస్తోంది, వారిద్దరూ ఏ కంపెనీ ఉద్యోగులో తెలిపేదాకా వీటిని పరిశీలించలేము అని. తొమ్మిది కంపెనీలవాళ్లూ థామస్ గారికి ఫోన్ చేశారు. ఆయన నన్ను పిలిచాడు.

"ఎస్.ఎన్. ఎవరు?"

"నేనే సార్."

"కె.టి.?"

"మీరు సార్."

"నీ వీసా క్యాన్సిల్ చేయించి వారంలో ఇంటికి పంపగలను, తెలుసా?"

జేబులోంచి సర్క్యులర్ తీసి బల్ల మీద పెట్టాను. "పంపండి సార్. కారణం రాయాలి కదా. మీరు చెప్పండి, నేనే టైప్ చేస్తాను. కింద ఇనిషియల్స్ మాత్రం పెడతాను."

ఆయన సర్క్యులర్ దగ్గరికి లాక్కుని అడుగున తన సంతకం చూసుకున్నాడు. ఏ కారణం రాసినా, అది ఆ తొమ్మిది ఉత్తరాల దగ్గరికే వస్తుంది. చివరికి "నువ్వు మనిషివి కాదు, రబ్బరు స్టాంపువి" అన్నాడు. అది కూడా నాకు గుర్తుంది.

వీసా జోలికి పోలేదు. శిక్షగా నా బల్లని స్టోర్ రూమ్ పక్కకి మార్చాడు. అక్కడ ఏసీ నీళ్లు పడవు. ఆరో అర్జీ అక్కర లేకపోయింది. కిటికీ కూడా లేదనుకోండి, దాని మీద రాసినవి వేరే ఫైలు.

ఆ నది ఒడ్డువాళ్ల కేసు చివరికి ఏమైందో తెలియదు. మా తొమ్మిది కాగితాలు మాత్రం దానికి అడ్డుపడలేదు. రాజేశానికి చెబితే స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి నవ్వాడు. "నీ కోపం గూడ ఒకపారి అక్కెరకొచ్చింది సారూ."

నిజమే. నేను న్యాయం కోసం చేశానని చెప్పుకోను. ముప్పాతిక వంతు కళ్లజోడు కోసం, పావు వంతు రాజేశం బావి కోసం. కానీ ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు కొట్టిన చేతికి ఆ రోజు తెలిసింది ఒకటుంది. ఎవరు చెప్పారో, ఎవరు కొట్టారో అడుగున పెట్టడానికి జంకే ఉత్తరం అసలు రాయకూడదు. ఇది చెప్పిందీ నేనే, కొట్టిందీ నేనే.

ఎస్.ఎన్./ఎస్.ఎన్.